బత్తాయి చిగురు మీద ఏ మందు పనిచేస్తోందో తోటలోనే తేల్చుకోవడం ఎలా?

నల్గొండ బత్తాయి రైతు:
మాది నాలుగెకరాల సాత్గుడి రకం బత్తాయి తోట, కాపు చెట్లు. వానల తర్వాత వచ్చిన చిగురు నిండా ఆకుతొలుచు పురుగే. మందుల షాపులో ఇమిడాక్లోప్రిడ్ కొట్టమంటున్నారు, పక్క చేను పెద్దాయన వేపనూనె చాలంటాడు. రెండూ కొట్టి నేనే తేల్చుకుందామని ఉంది. బోరు వైపు సగానికి ఒకటి, రోడ్డు వైపు సగానికి ఇంకొకటి కొడితే సరిపోతుందా?

ఎంటమాలజీ (పురుగుల శాస్త్రం) పీజీ, తిరుపతి:
అన్నా, అలా సగం సగం పంచకండి. బోరు వైపు తడి ఎక్కువుంటే చిగురూ పురుగూ అక్కడే ఎక్కువ. రేపు కనబడే తేడా మందుదో నీళ్లదో చెప్పలేం. తోటను నాలుగు ముక్కలనుకోండి. ప్రతి ముక్కలో ఇమిడా చెట్లు, వేపనూనె చెట్లు, ఒట్టి నీళ్లు కొట్టే చెట్లు ఉండాలి. ఏది ఎక్కడో చీటీలు తీయండి. మధ్యలో ఒక్కో వరుస వదలండి, గాలికి మందు పక్క చెట్లమీద పడుతుంది. వేపనూనెలో సబ్బు కలుపుతారు కదా, నీళ్లలోనూ అంతే కలపండి.

నీళ్ల చెట్లు మాత్రం తప్పనిసరి. ఈ పురుగుకి లేత ఆకే కావాలి. ఆకు ముదిరితే ఏమీ కొట్టకున్నా తగ్గిపోతుంది, ఆ పేరు మందుకు వస్తుంది!

ఆకులో పురుగు తొలిచిన గీతలు లెక్కపెట్టకండి, పురుగు చచ్చినా గీత పోదు. కొట్టేముందు, తర్వాత 3, 7, 14 రోజులకు ప్రతి చెట్టు నుంచీ కొన్ని లేతాకులు కోసి, గుండుసూదితో పైపొర లేపి భూతద్దంలో చూడండి. బతికున్నది లేత పసుపు రంగులో మెదులుతుంది, చచ్చింది గోధుమరంగులో ఎండి ఉంటుంది. చిన్న నల్ల ప్యూపాలు (పురుగు రెక్కలు రాకముందు కదలకుండా ఉండే దశ) దొరికితే అవి ఈ పురుగును తినే బుల్లి కందిరీగలవి కావచ్చు. అవి ఏ చెట్లలో ఎన్ని ఉన్నాయో కూడా దయచేసి రాసుకోండి.

పొదలకూరు నిమ్మ రైతు:
పంపు, నాజిల్ ఒకటే ఉండాలి, మనిషి కూడా ఒకరే కొట్టాలి. మందు మార్చేటప్పుడు పంపు బాగా కడగండి. పూత ఉంటే ఇమిడా జోలికి పోవద్దు, తేనెటీగలు చస్తాయి. కాయలమీద వచ్చే మంగు సంగతి వేరే, అది ఈ పురుగు వల్ల కాదు, నల్లి వల్ల. నల్లి ఇమిడాకి లొంగదు, నీళ్లలో కరిగే గంధకం కొట్టాలి.

నల్గొండ బత్తాయి రైతు:
మందు కొట్టకుండా చెట్లు వదలాలంటే టెన్షన్‌గా ఉంది. కాపు పోదు కదా?

ఎంటమాలజీ పీజీ, తిరుపతి:
ముదురు బత్తాయి చెట్టు ఒక చిగురు దెబ్బను తట్టుకుంటుందన్నా. లేత మొక్కల్లో మాత్రం ఈ ప్రయోగం వద్దు. నిమ్మలో కూడా జాగ్రత్త, ఆ గీతల్లోంచే గజ్జి తెగులు దూరుతుంది.