ఎం.ఏ. ఎకనామిక్స్: ఉస్మానియానా, సెంట్రల్ యూనివర్సిటీనా?

భువనగిరి_అన్న: మా చెల్లి పీజీ ప్రవేశ పరీక్షలు రెండూ రాసింది, సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ పీజీ, తెలంగాణ రాష్ట్ర యూనివర్సిటీలకు ఉమ్మడిగా పెట్టే సీపీగెట్. అటు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇటు ఉస్మానియా, రెండింట్లోనూ సీటు వచ్చేలా ఉంది. పోటీ, ఖర్చు చూస్తే ఏది నయం? నాన్నది కౌలు వ్యవసాయం.

లెక్కల_సారు: ఇందులో అడగడానికేముంది, సెంట్రలే. దేశమంతా రాసే పరీక్ష, సీట్లేమో పిడికెడు. సీపీగెట్ రాస్తే ఎక్కడో ఒకచోట సీటు దొరుకుతుంది.

తార్నాక_పాతకాపు: ఆ "ఎక్కడో ఒకచోట" దగ్గరే మీ లెక్క తప్పింది సారూ. కాకతీయకూ పాలమూరుకూ శాతవాహనకూ అదే ర్యాంకు, వాటి సీట్లన్నీ కలిపేసి ఉస్మానియా సులువంటే ఎట్లా? ఆర్ట్స్ కాలేజీలో రెగ్యులర్ సీటు కొట్టి చూడండి, తెలుస్తుంది.

లెక్కల_సారు: నేను చెప్పింది పరీక్ష గురించి, మీరు కాలేజీ గురించి మాట్లాడుతున్నారు.

మీనా: రెండూ సర్కారువే, రెగ్యులర్ సీటైతే ఫీజుతో నడ్డి విరగదు. ఎక్కువ ఫీజుండే సెల్ఫ్ ఫైనాన్స్ సీటు తగిలితే వేరే కథ. అసలు ఖర్చు మెస్ బిల్లుది. భువనగిరి నుంచి ఉప్పల్ మీదుగా ఉస్మానియా ఉన్న తార్నాక దాకా ఆడపిల్లలకు బస్సులో ఆధార్ చూపిస్తే జీరో టికెట్. సెంట్రల్ ఉన్న గచ్చిబౌలికీ జీరో టికెట్టే అనుకోండి, కానీ రోజూ పోయి రావడం అయ్యే పని కాదు, హాస్టల్ తప్పదు.

కొత్త_సభ్యుడు: సర్కారు ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్‌ని నమ్ముకోకండి. అది రాలేదని మా ప్రైవేటు కాలేజీవాళ్లు నా టీసీ ఏడాది ఆపారు.

లెక్కల_సారు: ప్రైవేటు గొడవ ఇక్కడెందుకు బాబూ?

తార్నాక_పాతకాపు: నేనొకటి అడుగుతా. తెలంగాణ, ఆంధ్ర గొడవలు చల్లార్చడానికి తెచ్చిన 1973 ఆరు సూత్రాల పథకంలో ఇస్తామన్న యూనివర్సిటీ కదా ఈ సెంట్రల్, 1974లో వచ్చింది. ఇప్పుడక్కడ లోకల్ కోటా ఏది? సీయూఈటీలో ఎకనామిక్స్ పేపరు ఇంగ్లీషు, హిందీల్లోనే వస్తుంది. తెలుగు మీడియంలో డిగ్రీ చేసిన మా తమ్ముడు ప్రశ్న అర్థం చేసుకునేలోపే టైమైపోయింది. దాన్ని మీరు పోటీ అంటారు!

లెక్కల_సారు: అదీ సంగతి! తమ్ముడికి రాలేదని ఇంతసేపూ ర్యాంకుల లెక్క చెప్పారా? సెంట్రల్ అన్నాక దేశమంతా వస్తారు. లోకల్ పేరుతో గోడ కడితే అదింకో ఉస్మానియా అవుతుంది.

తార్నాక_పాతకాపు: అయితే తప్పేంటి? నేను ఉస్మానియాలోనే చదివా.

మీనా: ఇంతకీ చెల్లినెవరైనా అడిగారా?

భువనగిరి_అన్న: ఇప్పుడే అడిగానక్కా. హాస్టల్‌కి పంపిస్తే సెంట్రల్ అంటోంది. ఫీజు గురించి మాట్లాడినంతసేపు నాన్న బాగానే ఉన్నారు, హాస్టల్ అనగానే లేచి పొలానికి పోయారు.