‘బాయ్‌కాట్’ అనే ఇంగ్లిషు క్రియ ఎక్కడిది, ఎక్కడ వాడాలి?

ప్రశ్న (విద్యార్థిని, హన్మకొండ)
పోటీ పరీక్షల కోసం తెలుగు వార్తలను ఇంగ్లిషులో రాయడం సాధన చేస్తున్నాను. ‘న్యాయవాదులు విధులను బహిష్కరించారు’, ‘ఆ నాయకుణ్ని పార్టీ నుంచి బహిష్కరించారు’ అనే రెండు వాక్యాలకూ ‘బాయ్‌కాట్’ అనే క్రియనే వాడవచ్చునా? ఈ క్రియ ఎలా పుట్టిందో కూడా పెద్దలు వివరించగలరని మనవి.

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, జగిత్యాల)
అమ్మా, ఇది ఒక మనిషి ఇంటిపేరు. చార్లెస్ కన్నింగ్‌హామ్ బాయ్‌కాట్ ఐర్లండులోని మేయో ప్రాంతంలో లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి ఏజెంటుగా ఉండి కౌలు వసూలు చేసేవాడు. 1880లో కౌలు నాలుగో వంతు తగ్గించాలని రైతులు అడిగితే భూస్వామి పదో వంతుకు మించి దిగిరాలేదు, పైగా బాయ్‌కాట్ రైతులను భూముల నుంచి వెళ్లగొట్టే నోటీసులు పంపించాడు. అదే సెప్టెంబరులో పార్నెల్ అనే నాయకుడు ఎన్నిస్ సభలో మాట్లాడుతూ, వెళ్లగొట్టిన రైతు భూమిని ఎవడు తీసుకున్నా వాణ్ని కొట్టవద్దని, వాడితో మాటామంచీ, కొనుగోలూ అమ్మకం మానేయమని చెప్పాడు. మేయో జనం ఆ పద్ధతిని ఈ ఏజెంటు మీదనే అమలు చేశారు. కూలీలు చేలు విడిచిపోయారు, బట్టలు ఉతికే ఆమె రావడం మానేసింది, దుకాణదారులు సరుకు ఇవ్వలేదు. చివరికి పంట తీయడానికి బయటి నుంచి యాభై మంది రాగా, వారి కాపలాకు దాదాపు వెయ్యి మంది సైనికులు, పోలీసులు దిగారు. ఆ పంట విలువకు ఎన్నో రెట్లు కాపలాకే ఖర్చయింది. డిసెంబరు మొదట్లోనే బాయ్‌కాట్ అక్కడి నుంచి వెళ్లిపోయాడు.

‘ఆస్ట్రసైజ్’ (వెలివేయడం) అనే మాట పల్లె జనానికి అర్థం కాదని, దానికి బదులు ఈ పేరునే క్రియగా చేద్దామని అక్కడి చర్చి మతగురువు ఫాదర్ జాన్ ఓమాలీ సూచించినట్లు అమెరికా పాత్రికేయుడు జేమ్స్ రెడ్‌పాత్ రాశాడు. ఆ ఏడాది నవంబరుకే అది లండన్ పత్రికలకు ఎక్కింది. తర్వాత ఫ్రెంచి, జర్మన్, రష్యన్ భాషలు కూడా దాన్ని తీసుకున్నాయి.

మన దగ్గర 1978లో జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో దొరల ఇండ్లకు జీతగాళ్లు పోవడం మానేసి, బట్టలు ఉతకడం, క్షవరం చేయడం బందు పెట్టిన సంగతి చదివినవారికి ఈ క్రియ అర్థాన్ని వేరే చెప్పనవసరం లేదని నా నమ్మకం.

జవాబు (ఇంగ్లిషు అధ్యాపకురాలు, వరంగల్)
సార్ చెప్పిన చరిత్రలోనే మీ ప్రశ్నకు సమాధానం ఉంది. బాయ్‌కాట్ చేసేవారు తమంతట తాము దూరంగా ఉంటారు, ఎదుటివారిని ఎక్కడి నుంచీ పంపించరు. కాబట్టి పార్టీ విషయంలో రాయవలసింది ‘ఎక్స్‌పెల్’. తెలుగు వాక్యంలో ‘నుంచి’ ఉన్నదా అని చూడండి. ఉంటే బాయ్‌కాట్ పనికిరాదు. ‘నగర బహిష్కరణ’ వంటి సమాసాల్లో ఆ ‘నుంచి’ దాగి ఉంటుంది గనుక విడదీసి చూసుకోవాలి. ప్రభుత్వం ఆపితే అది ‘బ్యాన్’. ఇంకొక మాట, ఈ క్రియ తర్వాత ‘ఎగెనెస్ట్’ రాదు, కర్మ నేరుగా రావాలి. స్పెల్లింగులో చివర రెండు ‘టి’లు ఉంటాయి.

ప్రశ్న అడిగిన విద్యార్థిని
ధన్యవాదాలు మేడం, సార్. మరి గ్రామాభివృద్ధి కమిటీ ఒక కుటుంబంతో ఎవరూ మాట్లాడవద్దని, మాట్లాడితే జరిమానా కట్టాలని తీర్మానిస్తే, దానికి కూడా ఇదే మాట వాడతారా?

జవాబు (న్యాయవాది, హన్మకొండ)
వాడతారు. అక్కడ జరిగేది వెలివేత. చట్టం భాషలో ‘సోషల్ బాయ్‌కాట్’. మేయోలో బలహీనులు బలవంతుడికి దూరమయ్యారు, ఇక్కడ బలమున్నవారు ఒక కుటుంబాన్ని ఒంటరిని చేస్తారు. అయినా ఇంగ్లిషులో మాట ఒక్కటే. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, ఆ వర్గాల వ్యక్తినో కుటుంబాన్నో సామాజికంగా గానీ ఆర్థికంగా గానీ బాయ్‌కాట్ చేయడాన్ని, చేస్తామని బెదిరించడాన్ని కూడా నేరంగా చేర్చింది. మీ మొదటి వాక్యం విషయానికి వస్తే, న్యాయవాదులకు సమ్మె చేసే హక్కు గానీ, కోర్టుల బాయ్‌కాట్‌కు పిలుపునిచ్చే హక్కు గానీ లేదని 2002లో హరీశ్ ఉప్పల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు సమ్మెను, బాయ్‌కాట్‌ను వేర్వేరు మాటలుగా పేర్కొన్నది కనుక, అనువాదంలో మీరు కూడా ఒకదానికి బదులు మరొకటి రాయకండి.