ఐ20 ఎన్ లైన్‌కి 17 అంగుళాల రిమ్ములు, వెడల్పు టైర్లు వేయొచ్చా?

నల్లగొండ పిల్లోడు:
అన్నలూ, నా హ్యుందాయ్ కారుకి కంపెనీ టైర్లు 195/55 ఆర్16 ఉన్నాయి, అంటే వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 55 శాతం, రిమ్ 16 అంగుళాలు. 215/45 ఆర్17 వేద్దామనుకుంటున్నా, లుక్కూ బాగుంటుంది, మలుపుల్లో గ్రిప్ కూడా దొరుకుతుందని. షాపాయన 7.5 అంగుళాల వెడల్పున్న రిమ్ములు చూపించి కళ్లు మూసుకుని వేయించు అంటున్నాడు. రోజూ దేవరకొండ రోడ్డు మీదే తిరుగుడు. ఏమంటారు?

పాలమూరు:
కొలతతో బాధ లేదు తమ్ముడూ. పాత టైరు మొత్తం ఎత్తు దాదాపు 621 మిల్లీమీటర్లు, కొత్తది 625, స్పీడోమీటర్ లెక్క పెద్దగా మారదు. అసలు చూడాల్సింది ఆఫ్‌సెట్, అంటే రిమ్ మధ్యగీత నుంచి దాన్ని బండికి బిగించే ముఖం ఎంత దూరంలో ఉందనే కొలత. అది మరీ తక్కువుంటే చక్రం బయటికొచ్చి, వెనక ముగ్గురు కూర్చున్నప్పుడు గుంతలో పడగానే టైరు ఫెండర్‌కి గీసుకుంటుంది. మరీ ఎక్కువైతే లోపల సస్పెన్షన్‌కి తగులుతుంది. రిమ్ సెంటర్ బోర్ (నడిమి రంధ్రం) అది కూర్చునే హబ్ కంటే పెద్దదైతే ఆ సందు నింపే హబ్ రింగులు అడుగు, లేకుంటే జడ్చర్ల దాటి స్పీడందుకోగానే స్టీరింగ్ వణకొచ్చు.

మిర్యాలగూడ:
గ్రిప్‌కి వెడల్పు కంటే రబ్బరు ముఖ్యం. పైగా సైడ్‌వాల్ (టైరు పక్క ఎత్తు) 107 నుంచి 97 మిల్లీమీటర్లకు తగ్గుతుంది, గుంతలో గట్టిగా పడితే రిమ్ వంగుతుంది, టైరు పక్కన బుడిపె లేస్తుంది. వానలో నిలిచిన నీళ్ల మీద వెడల్పు టైరు తొందరగా తేలుతుంది కూడా. నేనైతే ఉన్న రిమ్ములకే మంచి 205/55 ఆర్16 వేస్తా. కళ్లు మూసుకోమనేది షాపాయనే, డబ్బులు నీవి.

నల్లగొండ పిల్లోడు:
రిమ్ వెనక ఈటీ 38 అని ఉంది, ఆఫ్‌సెట్ అదేనా?

పాలమూరు:
అదే. పాత రిమ్ వెనక ఎంతుందో చూసి పోల్చు.