రెండోసారి వెతికినా తెప్ప దొరకకపోతే, అది అక్కడ ఉండే అవకాశాన్ని ఎంత తగ్గించాలి?

విశాఖ ఫిషింగ్ హార్బర్ బయట తప్పిపోయిన ఫైబర్ తెప్పను వెతికే నమూనా ఒకటి ఎక్సెల్‌లో చేస్తున్నాను. సముద్రాన్ని గడులుగా విడగొట్టి, కొత్త సమాచారాన్ని బట్టి అవకాశాన్ని సవరించే బేయీజ్ సూత్రం పెట్టాను. ఒక గడిలో తెప్ప ఉండే అవకాశం 20%, ఉంటే కనబడే అవకాశం 60%. ఒకసారి గాలించి దొరకకపోతే అక్కడ ఉండే అవకాశం 9.1%కి, రెండోసారికి 3.8%కి పడిపోతోంది.

లెక్క సరే గానీ నమ్మకం కుదరడం లేదు. రెండుసార్లూ అదే మసక వెలుతురు, అవే కెరటాలు, అవే కళ్లు! రెండోసారికి కనబడే అవకాశాన్ని 60 నుంచి 30 చేస్తే 6.5% వచ్చింది, అదీ కాకిలెక్కే. గడుల సైజు మార్చినా లాభం లేదు. ప్రవాహం ఇంకా కలపలేదు.

ఒకే వాతావరణంలో చేసిన గాలింపులు స్వతంత్రం కానప్పుడు, రెండోదానికి కనబడే అవకాశాన్ని ఏ పద్ధతిలో లెక్కగట్టాలి?