హెచ్‌ఐవీ: ‘కొత్త’, ‘పాత’ అని రెండు గుంపులు కట్టి పోల్చడం ఎంతవరకు నమ్మొచ్చు?

ప్లేటురీడర్:
హెచ్‌ఐవీ ఈమధ్యే సోకినవాళ్లనీ, ఏళ్ల తరబడి ఉన్నవాళ్లనీ పక్కపక్కన పెట్టి సీడీ4 (రక్తంలో రోగనిరోధక కణాల లెక్క), వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో), మందుకు లొంగని మ్యుటేషన్లు పోల్చిన పట్టికలు చాలానే వస్తున్నాయి. ఎక్కువచోట్ల ఆ గుంపుల్ని విడదీసేది ఒకే ఒక్క పరీక్ష, లాగ్ అవిడిటీ. అది ఇచ్చే అంకె, ఓడీఎన్, 1.5 గానీ అంతకు తక్కువ గానీ వస్తే కొత్తది, పైకి పోతే పాతది. ప్లేటు సరిగ్గా నడిపితే ఈ విభజన చాలంటాను. చాలదనేవాళ్లు ఎందుకో చెప్పండి.

నిదానంగా:
చాలదు. ఆ పరీక్ష ఇన్‌ఫెక్షన్ వయసు కొలవదు, యాంటీబాడీ పట్టు కొలుస్తుంది. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులు) మీద ఏళ్లుగా ఉన్నవాళ్లకు వైరస్ అణిగిపోయి పట్టు సడలుతుంది. మందు లేకుండానే వైరస్‌ని అదుపులో పెట్టుకునే కొద్దిమందిలోనూ అంతే. సీడీ4 బాగా పడిపోయి ఎయిడ్స్ దశకు చేరినవాళ్లలో యాంటీబాడీ తయారీయే దెబ్బతింటుంది. ఈ మూడు రకాలవాళ్లూ పాతవాళ్లే. మీ ప్లేటు మీద కొత్తవాళ్లుగా తేలతారు.

ప్లేటురీడర్:
ఇవన్నీ తెలిసినవే. అసలు పరీక్ష ఎలా నడుస్తుందో చూడకుండా కొట్టిపారేయకండి. 5 మైక్రోలీటర్ల ప్లాస్మాని 500 మైక్రోలీటర్ల డైల్యూయెంట్‌లో కలిపి, అందులోంచి 100 వెల్‌లో (ప్లేటులోని గుంతలో) వేస్తాం. వెల్ అడుగున యాంటిజెన్‌ని (యాంటీబాడీ పట్టుకునే వైరస్ ప్రొటీన్‌ని) కావాలనే చాలా పలుచగా పూస్తారు, యాంటీబాడీ రెండు చేతులతో పట్టుకునే వీలు లేకుండా. 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాక పీహెచ్ 3.0 బఫర్ పోసి 15 నిమిషాలు ఆగుతాం. పట్టు లేనివి అక్కడే ఊడిపోతాయి, గట్టిగా పట్టుకున్నవి మిగులుతాయి. మిగిలినవాటి రీడింగ్‌ని అదే ప్లేటు మీదున్న కాలిబ్రేటర్ (పోలికకు పెట్టే ప్రామాణిక శాంపిల్) రీడింగ్‌తో భాగిస్తే వచ్చేదే ఓడీఎన్. మొదటిసారి 2.0 లోపు వచ్చిన ప్రతి శాంపిల్‌నీ మళ్లీ మూడు వెల్స్‌లో వేసి మధ్య విలువ తీసుకుంటాం. ఆ పైన వైరల్ లోడ్ 1000 లోపుంటే ఓడీఎన్ ఎంతున్నా ‘పాత’లోకే నెట్టేస్తాం. మీరు చెప్పిన మొదటి రెండు రకాలూ అక్కడే ఆగిపోతాయి.

శాంపిల్‌బుడ్డి:
ఓడీఎన్ 0.4 లోపు వస్తే అసలు పాజిటివేనా అని ముందు చూసుకోండి. నెగెటివ్ శాంపిల్ కూడా చక్కగా ‘కొత్తది’ అయి కూర్చుంటుంది.

నిదానంగా:
వైరల్ లోడ్ జల్లెడ గురించి మీరే చెప్పారు, సంతోషం. ఇప్పుడు ఆ పట్టికల్లో మొదటి వరుస చదవండి: ‘కొత్తవారిలో వైరల్ లోడ్ ఎక్కువ.’ ఎక్కువ కాక ఇంకేముంటుంది? 1000 లోపున్నవాళ్లందర్నీ మీ చేత్తోనే పాత గుంపులోకి పంపారుగా. దేన్ని పెట్టి గుంపులు విడదీశారో దాన్నే పోల్చి, తేడా కనిపించిందని రాసుకోవడం అది.

ప్లేటురీడర్:
1.5 అనేది ఊహించి పెట్టిన అంకె కాదు. ఎప్పుడు సోకిందో తెలిసిన మనుషుల వరుస శాంపిళ్ల మీద చూసి పెట్టింది. ఆ కటాఫ్ కింద మనిషి సగటున 130 రోజులు ఉంటాడు. సబ్‌టైప్‌ని బట్టి కాస్త అటూఇటూ.

నిదానంగా:
నేను 1.5 గురించి అనలేదండీ. వైరల్ లోడ్ పోలిక గురించి అన్నాను.

ప్లేటురీడర్:
కటాఫ్ సరైనదైతే గుంపూ సరైనదే.

లెక్కలమాస్టర్:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, ఒక్క లెక్క. 10,000 మందికి పరీక్ష చేశారు, 9,000 మంది నెగెటివ్, 1,000 మంది పాజిటివ్, అందులో 60 మంది ‘కొత్త’ అనుకుందాం. 130 రోజులంటే 0.356 సంవత్సరం. 60ని 9,000 × 0.356తో భాగిస్తే ఏడాదికి 1.87 శాతం కొత్త ఇన్‌ఫెక్షన్లు. ఇప్పుడు పాతవాళ్లలో 2 శాతం మంది పొరపాటున ‘కొత్త’గా తేలుతున్నారనుకోండి. 1,000లో 20 మంది పోయారు, పైన 40 మిగిలింది. ఏడాది దాటితే పాతదే అన్న హద్దు పెట్టుకుంటే కింద 0.356 కాస్తా 0.02 తగ్గి 0.336 అవుతుంది. జవాబు 1.32. రెండంటే రెండు శాతం తప్పుకి లెక్కలో దాదాపు మూడోవంతు ఎగిరిపోయింది. కొత్త, పాత తేల్చడానికి అంతకుముందు వాడిన బెడ్ అనే పరీక్ష కొత్త ఇన్‌ఫెక్షన్లను ఎక్కువ చేసి చూపించిందీ ఇందుకే. జనాభా లెక్కలో అయితే ఈ తప్పుని తీసేసే సూత్రం ఉంది. మీ పోలికలో ఆ 20 మంది ఎవరో మీకు తెలియదు, కొత్త గుంపులో మూడోవంతుగా కూర్చునే ఉంటారు.

ఫీబిగ్‌మెట్లు:
గుంపులో పాతవాళ్లు కలవడం సరే, అసలు ‘కొత్త’ అనేదే ఒక్క స్థితి కాదు. సోకాక మొదటి పది రోజుల దాకా రక్తంలో ఏమీ దొరకదు. తర్వాత వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఒక్కటే కనిపించే మెట్టు, సుమారు 5 రోజులు. పీ24 అనే వైరస్ ప్రొటీన్ పలికేది రెండో మెట్టు, ఇంకో 5. ఎలీసాలో యాంటీబాడీ వచ్చేది మూడోది, దాదాపు 3 రోజులు. వెస్టర్న్ బ్లాట్ (యాంటీబాడీలను గీతలుగా చూపే నిర్ధారణ పరీక్ష) ఎటూ తేలనిది నాలుగోది, 6 రోజులు. బ్లాట్ పాజిటివ్ అయినా పీ31 గీత రానిది అయిదోది, ఇది మాత్రం రెండు నెలల పైనే. పీ31 వస్తే ఆరు, అక్కణ్నుంచి ఎంతకాలమైనా అదే మెట్టు.

మొదటి మెట్లలో వైరల్ లోడ్ లక్షలు దాటి పోతుంది, సీడీ4 ఒక్కసారి కిందికి జారుతుంది. కొన్ని నెలలకి వైరల్ లోడ్ దిగి ఒకచోట నిలబడుతుంది, సీడీ4 కొంత తేరుకుంటుంది. మూడో వారం మనిషినీ నాలుగో నెల మనిషినీ కలిపి సగటు తీస్తే ఆ సగటు ఎవరిదీ కాదు. ఇంకోటి. సీడీ4 300 చూడగానే ‘చాలా ఆలస్యంగా బయటపడింది’ అని రాసేస్తుంటారు. అది సోకి నెల కూడా కాని మనిషిలోని తాత్కాలిక జారుడు కావచ్చు. 350 లోపుంటే ఆలస్యం అన్న నిర్వచనాన్ని ఈమధ్య సవరించి, ఇటీవలి ఇన్‌ఫెక్షన్ అని ఆధారం ఉన్నవాళ్లని అందులోంచి తీసేసిందీ ఇందుకే.

నిదానంగా:
పాత గుంపుకీ ఇలాంటి రోగమే ఉంది. అందులో ఉన్నది ఇన్నేళ్లు బతికి పరీక్ష దాకా వచ్చినవాళ్లు. జబ్బు వేగంగా ముదిరినవాళ్లు ఆ వరుసలోకి రాకుండానే పోయారు. నెమ్మదిగా ముదిరేవాళ్లే అక్కడ పోగుపడతారు. మ్యుటేషన్లు కూడా చూడండి. ఎం184వి వల్ల వైరస్‌కే నష్టం, అందుకే మందు ఒత్తిడి లేనప్పుడు కొన్ని నెలల్లోనే రక్తంలోంచి కనుమరుగవుతుంది. కే103ఎన్ అలా కాదు, ఏళ్లు ఉంటుంది. మందు మొదలుపెట్టని పాతవాళ్లలో ఎం184వి దొరకలేదని ‘కొత్తవాళ్లకే నిరోధక వైరస్ ఎక్కువ సోకుతోంది’ అని రాస్తే అబద్ధం. పాతవాళ్లలోనూ అది కణాల్లో దాగి ఉండొచ్చు, మామూలు జీనోటైప్ (వైరస్ జన్యు పరీక్ష)కి అందదు.

ప్లేటురీడర్:
ప్రతిదానికీ ఒక ‘కావచ్చు’, ఒక ‘ఉండొచ్చు’. ఇలా పోతే ఏ పరీక్షా చేయక్కర్లేదు. నేను రాసినదాన్ని సగం చదివి జవాబివ్వడం ఇది మూడోసారి. పీహెచ్ 3.0 బఫర్ మీద ఒక్కరైనా తప్పు చూపించారా?

శాంపిల్‌బుడ్డి:
బఫర్ పీహెచ్ పెరిగితే ఊడాల్సినవి ఊడవు, కొత్తవాళ్లు పాతవాళ్లవుతారు. చూపించా. 😀

నిదానంగా:
బఫర్ కాదు స్వామీ గొడవ! ‘కొత్త’, ‘పాత’ అనే ఆ రెండు మాటల్లో ఒకటి మనిషి నెత్తిన పడుతుంది.

చీటీరాసేవాణ్ణి:
అడుగుదామని చాలాసేపటినుంచి ఆగాను. ‘కొత్త’ అని వస్తే ఆ మాట పరీక్ష చేయించుకున్న మనిషికి చెప్తారా, చెప్పరా?

ప్లేటురీడర్:
చెప్పాలి. నేనసలు ఈ చర్చ మొదలుపెట్టిందే అందుకు. తొలి నెలల్లో వైరస్ ఎక్కువగా అంటుకుంటుంది. ఇటీవల కలిసినవాళ్లని త్వరగా పిలిపించవచ్చు. మందు త్వరగా మొదలుపెడితే కణాల్లో దాగే వైరస్ తక్కువ మిగులుతుంది. ఆ దాగినది సగానికి తగ్గడానికి మందు మీదున్నా 44 నెలలు పడుతుంది. ఆలస్యం చేయొద్దని చెప్పడం తప్పా?

నిదానంగా:
ఇదా విషయం. మొదట్లోనే అనుంటే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. మందు సంగతి 2015లోనే తేలిపోయింది, సీడీ4 ఎంతున్నా, ఎప్పుడు సోకినా అందరికీ వెంటనే మొదలుపెట్టమని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది. మీ 1.5 చూసి డోసు మారదు, తేదీ మారదు. వైరస్ అణిగినవాళ్లనుంచి అంటదని జంటల మీద చేసిన 2019 పార్ట్‌నర్ అధ్యయనం కూడా తేల్చింది, వాళ్లనుంచి ఒక్క సంక్రమణా లేదు. ఇక కలిసినవాళ్లని పిలిపించడం కొత్తైనా పాతైనా చేయాల్సిందే.

130 రోజులు సగటు అని మీరే రాశారు. సగటంటే రెండు నెలలకే గీత దాటేవాడూ ఉంటాడు, పది నెలలైనా దాటనివాడూ ఉంటాడు. ఓడీఎన్ 1.3 వచ్చిన మనిషికి ‘మీకు ఈ నాలుగైదు నెలల్లో సోకింది’ అంటే అతనికి అర్థమయ్యేది ఒక్కటే: ఈ నాలుగైదు నెలల్లో నాతో ఉన్నదెవరు? ఆ పేరు తప్పు కావచ్చు. ఆ పేరు ఇంట్లోనే ఉండొచ్చు. తర్వాత ‘అది సగటండీ’ అని ఎవరికి చెప్తారు?

లెక్కలమాస్టర్:
ఒక్కొక్కరికి ఫలితం చెప్పడానికీ, చికిత్స నిర్ణయానికీ ఈ పరీక్ష వాడొద్దనే డబ్ల్యూహెచ్‌ఓ మాట కూడా. జనాభా నిఘా లెక్కకే.

ప్లేటురీడర్:
అయితే కలిసినవాళ్లలో ఎవర్ని ముందు పిలవాలో ఎలా తెలుసుకుంటారు?

చీటీరాసేవాణ్ణి:
చివరి నెగెటివ్ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారని అడుగుతాం. రెండు తేదీలు దొరికితే సోకిన కాలం ఆ రెండింటి మధ్యే. అది వాళ్లే చెప్పిన తేదీ, మనం అంటించిన చీటీ కాదు. దాంతోపాటు జ్వరం, ఒంటిమీద దద్దుర్లు, గొంతునొప్పి ఎప్పుడొచ్చాయో కూడా. అందరికీ రావు, వచ్చినా అవే అని చెప్పలేం, అందుకే తేదీ ముఖ్యం.

ప్లేటురీడర్:
మొదటిసారి పరీక్షకు వచ్చినవాళ్లకి పాత నెగెటివ్ ఎక్కడుంటుంది?

చీటీరాసేవాణ్ణి:
ఉండదు. అప్పుడు ‘తెలియదు’ అని రాస్తాం.

ప్లేటురీడర్:
సరే, మనిషికిచ్చే చీటీ మీద ఆ మాట వద్దు. పరిశోధన పట్టికలో మాత్రం ‘కొత్త’ అనే రాస్తాను, పక్కన 1.5, వైరల్ లోడ్ 1000 అని వేసి.

నిదానంగా:
వేయండి. మొదటి వరుసలో వైరల్ లోడ్ పోలిక తీసేయండి.

ప్లేటురీడర్:
తీయను. కింద గమనిక పెడతాను.