అప్‌డేట్: పగడపు దిబ్బల చదువు, చెల్లి ఏం తేల్చుకుంది

పోయినసారి నేనడిగింది ఇదీ: చెన్నైలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్న మా చెల్లి పగడపు దిబ్బల మీద రీసెర్చ్ చేస్తానంటోంది, జమైకాలోని డిస్కవరీ బే మెరైన్ ల్యాబ్ పేరే జపిస్తోంది, అంత దూరం పంపాలా అని. జవాబిచ్చిన అందరికీ థాంక్సండీ.

ఆ ల్యాబంటే ఎందుకంత పిచ్చో నాకూ ఇప్పుడర్థమైంది. వెస్టిండీస్ యూనివర్సిటీది, 1965లో థామస్ గోరో అనే సైంటిస్టు మొదలుపెట్టారు. 1980లో అలెన్ తుఫాను అక్కడి కొమ్ముల పగడాలను విరగ్గొట్టింది. 1983లో తెగులు సోకి పొడుగు ముళ్ల సీ అర్చిన్లు (నాచు మేసే గుండ్రటి సముద్ర జీవులు) దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. నాచు మేసే చేపల్ని జనం అప్పటికే పట్టేశారు, ఇక నాచు మేసేవి ఈ అర్చిన్లే మిగిలాయి. అవీ పోయేసరికి నాచు పగడాల్ని కప్పేసింది. ముందునుంచీ కొలతలు తీస్తున్న ల్యాబ్ పక్కనే ఉండబట్టి సరిపోయింది, లేకపోతే నేరమంతా తుఫాను నెత్తిన పడేదేమో!

మీలో ఒకరు మన్నార్ గల్ఫ్ చూడమన్నారు. రామేశ్వరం, తూత్తుకుడి మధ్య పగడపు దిబ్బలున్న 21 దీవులు, 1986 నుంచి నేషనల్ పార్క్. చెల్లి అటే మొగ్గింది. ముందు పరంగిపేటలో అన్నామలై యూనివర్సిటీ మెరైన్ బయాలజీ సెంటర్‌కి అప్లై చేస్తుంది, జమైకా సంగతి తర్వాత. పగడం వన్యప్రాణి రక్షణ చట్టంలో షెడ్యూల్ 1 జీవి (గట్టి రక్షణ ఉన్న జాబితా) కాబట్టి ముక్క తీయాలన్నా అనుమతి కావాలని హెచ్చరించినవారికి మరోసారి థాంక్స్.

నాన్న ఒప్పుకున్నారు. అమ్మ మాత్రం "దీనికి ఈతే రాదు కదరా" అంటోంది. నిజమే. వేలచ్చేరి స్విమ్మింగ్ పూల్‌లో చేర్పిస్తున్నాం.