సాలూరి వారి పాటలో బెంగాలీ పాలెంత?

ఏకతార:
వచ్చే నెల మా పాత పాటల బృందం సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు గారి పాటలతో ఒక సాయంత్రం పెట్టుకుంది. మొత్తం పద్దెనిమిది పాటలు. కరపత్రం పని నా నెత్తిన పడింది. పాట, సినిమా, సంవత్సరం, రాసినవారు, సంగీతం, పాడినవారు. ఇంతే కదా, గంటలో తేలిపోతుందనుకున్నా. పదకొండో పాట దగ్గర బండి ఆగింది.

'ఆరాధన' (1962)లో 'నా హృదయంలో నిదురించే చెలీ'. శ్రీశ్రీ, సాలూరి, ఘంటసాల. నిద్రలో లేపి అడిగినా చెప్పే వివరాలు. మా తబలా కుర్రాడు ఫోన్ తీసి ఒక బెంగాలీ పాట పెట్టాడు. 1956లో వచ్చిన 'సాగరిక' సినిమాలోదట, ఉత్తమ్ కుమార్, సుచిత్రా సేన్ జంట. శ్యామల్ మిత్రా పాడుతున్నాడు. పల్లవి సగంలోకి వచ్చేసరికి నా మొహంలో రంగు మారింది. మన పాటే! కాదు, వాళ్ల పాటే మనది. సంగీతం రాబిన్ ఛటర్జీ. మన 'ఆరాధన' ఆ సినిమాకే తెలుగు రూపం, కథతో పాటు బాణీ కూడా వచ్చేసిందన్నమాట.

కరపత్రంలో 'సంగీతం' అన్నచోట ఎవరి పేరు వేయాలి? ఎలాగూ మొదలైంది కాబట్టి ఇంకోటి కూడా అడుగుతున్నా. సాలూరి వారి మార్కు అని ఇన్నాళ్లూ మనం మురిసిపోతున్నదాంట్లో బెంగాలీ పాలు ఎంత? కోప్పడకుండా చెప్పండి.

నిఖార్సు:
కోపం దేనికి? ఎవరు కట్టారో వాళ్ల పేరు వేయండి, అయిపోయింది. ఇప్పటి సంగీత దర్శకుడు ఎక్కడిదో ఒక ముక్క ఎత్తుకొస్తే వారం రోజులు వాడి పరువు తీస్తాం, రెండూ పక్కపక్కన పెట్టి వీడియోలు చేస్తాం. అదే పని నలుపు తెలుపు సినిమాలో జరిగితే 'ప్రభావం', 'స్ఫూర్తి', 'అనుసరణ' అంటూ మెత్తటి మాటలు వెతుక్కుంటాం. నాకూ సాలూరి అంటే ప్రాణమే. ప్రాణమని లెక్క తప్పు వేయలేం కదా.

వీణ_టీచరమ్మ:
బాబూ నిఖార్సూ, నెమ్మది. కథ కొన్న నిర్మాత దాంతో పాటు రికార్డు కూడా పట్టుకొచ్చి 'ఇదే వరస కావాలి' అని కూర్చునే రోజులవి. హిట్టయిన పాటని వదులుకోవడం ఎవరికిష్టం? సంగీత దర్శకుడు కాదంటే ఇంకొకరు సిద్ధంగా ఉంటారు. అలా తెచ్చిన వరసతో ఏం చేశారన్నది కదా చూడాల్సింది. నలభై ఏళ్లు వీణ నేర్పిన దాన్ని, ఒకటి చెప్తాను. ఒకే వర్ణం, అంటే అభ్యాసానికి నేర్పే ఒకే రచన, పదిమంది పిల్లలకి నేర్పితే పది రకాలుగా వినిపిస్తుంది.

నిఖార్సు:
అమ్మా, మీ పది మంది పిల్లల్లో ఎవరూ ఆ వర్ణం తామే రాశామని చెప్పుకోరు కదా.

హౌరా_మెయిల్:
ఆ ఒక్క పాట పక్కన పెట్టి 'పాలెంత' అన్న దానికి నా వంతు. సాలూరి వారు 1935లో 'శ్రీకృష్ణ లీలలు'లో కృష్ణుడి వేషం వేసి, పాడి, పిల్లాడిగా ఉండగానే పేరు తెచ్చుకున్నారు. 1936 'మాయాబజార్'లో అభిమన్యుడు. (అవును, 1957 దానికంటే ముందే ఒకటుంది. చిన్నప్పుడు అభిమన్యుడిగా పాడినాయనే ఇరవయ్యొక్కేళ్ల తర్వాత అక్కినేని అభిమన్యుడికి బాణీలు కట్టడం తమాషా.) అప్పట్లో మన సినిమాలు కొన్ని కలకత్తాలో తీసేవారు. ఆ పని మీద వెళ్లిన కుర్రాడు కొన్నాళ్లు అక్కడే ఉండిపోయాడు. అక్కడి సినిమా కంపెనీ న్యూ థియేటర్స్ వెలిగిపోతున్న రోజులు. ఆర్.సి. బోరాల్, పంకజ్ మల్లిక్ వరసలు కడుతుంటే సైగల్ పాడుతున్నాడు. హిందుస్తానీ ఆయన ఒంటబట్టింది అక్కడే.

ఆ తర్వాత ఆయన గ్రామఫోను రికార్డులకి పాడిన 'తుమ్మెదా ఒకసారి', 'పాట పాడుమా కృష్ణా', 'చల్లగాలిలో' వినండి. ఒకే ముక్కని తిప్పి తిప్పి పాడే సంగతుల మీద సంగతులుండవు, ఆలాపనతో ఊపిరి పరీక్షలుండవు. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు ఉంటుంది. నాటకాల వాళ్లు చివరి వరుస దాకా వినబడాలని గొంతెత్తేవారు. ఈయనది మైకు ముందుంది కాబట్టి అరవక్కర్లేదని తెలిసిన గొంతు. అది కచ్చితంగా పంకజ్ మల్లిక్, సైగల్‌ల బడి. తెలుగు లలిత సంగీతమని మనం గర్వంగా చెప్పుకునేదాని పునాదుల్లో కలకత్తా ఇటుకలు చాలానే ఉన్నాయి. ఇందులో నామోషీ ఏముందో నాకు అర్థం కాదు.

విజినారం_పిల్లడు:
ఏటండీ బావూ, అంతా కలకత్తాయేనా? సాలూరు పక్కన శివరామపురం ఒకటుంది, అది మర్సిపోయారా? ఆయన నాన్నగారు సన్యాసిరాజు గారు మృదంగం వాయించీవారు, అదీ ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఫిడేలుకి. 1919లో మా విజినారంలో మహారాజా వారు సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని ప్రిన్సిపాలుగా కూకోబెట్టారు. ఆ హరికథలు, ఆ ఫిడేలు చెవిలో పోసుకుని పెరిగిన పిల్లడు కలకత్తా ఎల్లాడు, ఖాళీ చెవుల్తో ఎల్లలేదు. ఇంకోటి. హౌరా–మద్రాసు రైలు లైను మీద మా ఊరు ఇంచుమించు నడిమజ్జిన ఉంటాది. అటు బండీ ఆగుద్ది, ఇటు బండీ ఆగుద్ది. మావోళ్లకి రెండు దిక్కుల పాటా పరాయిది కాదు.

హౌరా_మెయిల్:
రైలు లైను మాట బాగా పట్టారు. నా పేరు కూడా అదే మరి! ద్వారం వారి విషయంలో ఇంకో మాట. పాశ్చాత్యుల వయొలిన్ పద్ధతిని కూడా చెవియొగ్గి విని, కమాను పట్టులో తనకి పనికొచ్చింది తీసుకున్న మనిషాయన. అంటే 'బయటిది తీసుకోవచ్చు' అన్న ధైర్యం ఈ పిల్లాడికి ఇంటి వాకిట్లోనే దొరికిందన్నమాట. జెమినీ వారి 'చంద్రలేఖ' (1948)కి పనిచేసేనాటికి పాతికేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. అందులో కర్ణాటకం, హిందుస్తానీ, పాశ్చాత్య నృత్య సంగీతం ఒకే విస్తట్లో వడ్డించారు.

నిఖార్సు:
ఇదంతా ప్రభావం. ప్రభావం మీద నాకు పేచీ లేదు, ఎవరిమీద ఎవరి ప్రభావం లేదు గనక? కానీ మీరంతా కలిసి ప్రభావం గొడుగు కిందకి 'నా హృదయంలో'ని కూడా లాగేస్తున్నారు. పంకజ్ మల్లిక్ పద్ధతిలో పాడటం వేరు, రాబిన్ ఛటర్జీ పల్లవి ఉన్నదున్నట్టు దింపడం వేరు. ఈ రెండూ ఒకే గంపలో వేయొద్దు.

సైడ్_రిథమ్:
ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తాను. నిన్న రాత్రి ఈ రెండు పాటలూ ఒకదాని వెనక ఒకటి నాలుగైదు సార్లు వాయించి చూశాను. పల్లవి నడక అదే, నిఖార్సు అన్నది నిజం. అయితే మాట మారేసరికి పాట ముఖం మారింది. బెంగాలీలో అమ్మాయి ఏడు సముద్రాలు, పదమూడు నదుల అవతల ఉండే కలల రాకుమారి. వాళ్ల అమ్మమ్మల కథల్లో రాకుమార్తెల చిరునామా అదేనట. శ్యామల్ మిత్రా గొంతులో ఆ దూరం ఉంది, పాట ఎక్కడో చూస్తూ సాగుతుంది. శ్రీశ్రీ ఆ అమ్మాయిని తీసుకొచ్చి గుండెలో నిద్రపుచ్చాడు. దూరం పోయింది. 'మయూరివై వయారివై' దగ్గర పదం గజ్జె కట్టినట్టు తూగుతుంది, ఘంటసాల ఆ తూగుని ఒత్తి పట్టుకున్నారు. వరస అదే అయినా వాళ్లది కథ చెబుతుంది, మనది కళ్లెదుట ఆడుతున్న అమ్మాయిని చూసి పాడుతుంది.

నిఖార్సు:
చక్కగా చెప్పారు, ఒప్పుకుంటున్నా. కాకపోతే మీరు చెప్పిందంతా శ్రీశ్రీ, ఘంటసాల ఘనత. శ్రీశ్రీ డబ్బింగ్ మాటలకి పెదాలు కలపడం 'ఆహుతి' (1950) నాటికే చేసినాయన, పరాయి వరసలో తెలుగు మాట ఒదిగించడం ఆయనకి మంచినీళ్లప్రాయం. మరి సాలూరి వారేరి ఇందులో?

సైడ్_రిథమ్:
ఈ పాటలో తక్కువే ఉన్నారు, సరే. ఆయన కావాలంటే 'పూజాఫలం' (1964)కి వెళ్లండి. 'పగలే వెన్నెల', నారాయణరెడ్డి గారి పాట, జానకి గొంతు. రాగం హిందోళం, వెనక పియానో. హిందోళమంటే ఐదు స్వరాలు, గమకం, అంటే స్వరాన్ని ఊపి జార్చి పలకడం, లేకపోతే ఎముకల గూడు. పియానో మీద గమకం పలకదు, కీ నొక్కితే ఆ స్వరమే, జారుడు ఉండదు. బుద్ధున్నవాడెవడూ ఆ రెంటినీ జత చేయడు. ఈయన ఏం చేశారంటే జారుళ్లన్నీ జానకి గారికి వదిలేసి, పియానోకి చుక్కలు పెట్టే పని ఇచ్చారు. ముగ్గు గీత ఆవిడ గీస్తుంటే చుక్కలు పియానో పెడుతోంది. నేను స్టేజీ మీద ఎన్నోసార్లు వాయించాను, ఒక్కోసారి చెయ్యి ఊరుకోక ఎక్కువ స్వరాలు పడతాయి. వెంటనే పాట చెడుతుంది. ఈ లెక్క కలకత్తాలో నేర్పలేదు, విజయనగరంలోనూ నేర్పలేదు.

వీణ_టీచరమ్మ:
నాయనా, నువ్వు ఎప్పుడైనా మా ఊరొస్తే భోజనం మా ఇంట్లోనే.

రెండుజడలు:
అందరూ బెంగాల్ నుంచి మనకొచ్చిందే లెక్కపెడుతున్నారు, మననుంచి వెళ్లింది ఎవరూ చెప్పరేం? 'మిస్సమ్మ' (1955)లో సాలూరి వారి 'బృందావనమది అందరిది' వరసే హిందీ 'మిస్ మేరీ' (1957)లో ఉంది. ఆ హిందీ సినిమాకి సంగీతం ఎవరో తెలుసా? హేమంత్ కుమార్. అచ్చమైన బెంగాలీ. ఇంకోటి, ఇది సాలూరి వారిది కాదు, మాస్టర్ వేణు గారిది. 'రోజులు మారాయి' (1955)లో 'ఏరువాకా సాగారో' హిందీకెళ్లి 'బంబై కా బాబూ' (1960)లో తేలింది. అక్కడ సంగీతం ఎస్.డి. బర్మన్. ఆయనా బెంగాలీయే. మనం ఒకటి తెచ్చుకున్నాం, వాళ్లు రెండు పట్టుకెళ్లారు. వాళ్లే మనకి ఇంకోటి బాకీ!

నిఖార్సు:
హహ, ఈ లెక్క బాగుంది. కాకపోతే రాబిన్ ఛటర్జీ వరసకి చెల్లు హేమంత్ కుమార్ ఖాతాలో ఎలా రాస్తారండీ? ఒకాయన ఇంట్లో అప్పు చేసి వాళ్ల ఊరాయన దగ్గర తీర్చుకున్నట్టుంది.

ఏకతార గారూ, ఒకటి అడుగుతా. మీ పద్దెనిమిదిలో 'లాహిరి లాహిరి' ఉందా?

ఏకతార:
లేకుండా ఎలా? నాలుగో పాట.

నిఖార్సు:
'సంగీతం' దగ్గర ఎవరి పేరు వేశారు?

ఏకతార:
సాలూరి. ఆ కథ అందరికీ తెలిసిందే కదా. 'మాయాబజార్' (1957)కి ముందు ఆయన్నే పెట్టుకున్నారు. నాలుగు పాటలకి వరసలు కట్టాక తప్పుకున్నారు: 'శ్రీకరులు దేవతలు', 'లాహిరి లాహిరి', 'చూపులు కలసిన శుభవేళ', 'నీకోసమే నే జీవించునది'. మిగతాదంతా ఘంటసాల గారు చేశారు, టైటిల్స్‌లో ఆయన పేరే ఉంటుంది. ఏళ్ల తరబడి సాలూరి అభిమానులం దీనికోసం పోట్లాడుతున్నాం. 'లాహిరి' మోహన రాగం ఎవరిదో జనానికి తెలియాలి కదా.

నిఖార్సు:
అదే మరి. నాలుగో పాటలో తెరమీద పేరు ఒకరిది, వరస ఇంకొకరిది. అక్కడ మీరు 'వరస కట్టినవాడిదే పాట' అంటున్నారు. పదకొండో పాటలోనూ తెరమీద పేరు ఒకరిది, వరస ఇంకొకరిది. అక్కడికొచ్చేసరికి 'తెరమీద పేరున్నవాడిదే పాట' అయిపోయింది. ఒకే కాగితం మీద, ఏడు పాటల ఎడంలో, న్యాయం ఇటునుంచి అటు తిరిగిపోయింది. సాలూరి వారికి జరిగిన అన్యాయం గురించి పోట్లాడేవాళ్లమే రాబిన్ ఛటర్జీకి అదే చేస్తే ఎలా?

విజినారం_పిల్లడు:
ఓర్నాయనో. దొరికిపోనాం.

హౌరా_మెయిల్:
కొంచెం తేడా ఉంది. 'లాహిరి'లో సాలూరి వారు ఆ సినిమా కోసమే కూర్చుని కట్టారు. 'సాగరిక' వరస ఇంకో భాషలో, ఇంకో సినిమాకి అప్పటికే బతికేసింది. అయినా నిఖార్సు వాదనలో పట్టుంది. నేను ఇక్కడ ఓడిపోయినా పరవాలేదు.

వీణ_టీచరమ్మ:
తేడా ఉంటే అది ఇంకా మనకే ఎదురు తిరుగుతుంది హౌరా గారూ. 'లాహిరి'కి ఘంటసాల గారు వాద్యాలు కూర్చి రికార్డు చేసి ప్రాణం పోశారు, అంటే ఆయన పేరు ఉండటంలో సగం న్యాయమైనా ఉంది. నేను మొదట్లో నిర్మాతలు, రోజులు అంటూ సర్ది చెప్పాను గానీ, ఏకతార అడిగింది నిర్మాత గురించి కాదు. కరపత్రం వేస్తున్నది మనం. మన చేతిలో ఉన్న కాగితం మీద నిజం రాయడానికి ఏ నిర్మాతా అడ్డం లేడు. రెండు పేర్లూ వేయండి.

రెండుజడలు:
రెండు పాటలకీ రెండేసి పేర్లు వేస్తే సభలో ముసలాళ్లు గొడవ చేస్తారు, నేను ముందే చెప్తున్నా. 'సాలూరి వారికి బెంగాలీ మచ్చ అంటిస్తారా' అని ఒకాయన లేవకపోతే నన్నడగండి. మా నాన్నే లేస్తారు.

సైడ్_రిథమ్:
లేవనివ్వండి. బెంగాలీ పల్లవి రెండు లైన్లు పాడించి, ఆ వెంటనే మన పాట ఎత్తుకోండి. మీ తబలా కుర్రాడికి ఆ పాట వచ్చు కదా? వాదన అక్కర్లేదు, చెవులే తీర్పు చెప్పుకుంటాయి. ఆ తర్వాత 'పగలే వెన్నెల' పెట్టండి, ఈ క్రమం మార్చకండి. పియానో వాయించేవాడికి మాత్రం చెప్పండి, చెయ్యి అదుపులో పెట్టుకోమని.

ఏకతార:
అందరికీ దండాలు. డీటీపీ వాళ్లు ఇప్పుడే ప్రూఫ్ పంపారు. ఆ రెండు ఎంట్రీలూ ఇలా వచ్చాయి:

4. లాహిరి లాహిరి లాహిరిలో – మాయాబజార్ (1957) – రచన: పింగళి – వరస: సాలూరి; సంగీతం: ఘంటసాల – గానం: ఘంటసాల, పి. లీల

11. నా హృదయంలో నిదురించే చెలీ – ఆరాధన (1969) – రచన: శ్రీశ్రీ – మూల వరస: రాబిన్ ఛటర్జీ ('సాగరిక', బెంగాలీ, 1956), సంగీతం: సాలూరి – గానం: ఘంటసాల

పన్నెండుగా 'పగలే వెన్నెల' మార్చాను. అచ్చుకి వెళ్లే ముందు ఎవరైనా ఒకసారి కళ్లు వేయండి.

నిఖార్సు:
పదకొండు ఆపండి, ఆపండి! 1969 ఏమిటండీ? అది హిందీ 'ఆరాధన', రాజేష్ ఖన్నాది. దానికి సంగీతం ఎస్.డి. బర్మన్. మనది 1962. ఉన్న బెంగాలీలతోనే సభ గడవడం కష్టంగా ఉంటే ఇంకొకాయన్ని ఎక్కడ కూర్చోబెడతారు?